చూడని నిప్పును గూర్చి చెప్పవచ్చునా?



"నిప్పు లేనిదే పొగ రాదు" అను సామెతను మన పల్లెలలో పొయ్యిని గూర్చి చెప్పువారు తక్కువ, పొరుగువానిని గూర్చి చెప్పువారు ఎక్కువ. ఎవరో ఏదో అనుకొనిరట. అనుకొనిరి గనుక అందులో కొంతయైనను నిజముండక పోదట. ఈ విధముగా ఎందరి పేరు చెడినదో, ఎన్ని కుటుంబములు విడిపోయినవో మన సంఘముల పెద్దలకు తెలియును. అందువలన భయభక్తులు గలవారు అనేకులు దీనికి విరుగుడుగా ఒక నియమము పెట్టుకొనియున్నారు: కన్నులార చూడని సంగతిని నోట పలుకరాదు. తొమ్మిదవ ఆజ్ఞను గైకొనవలెనను ఆశతో పెట్టుకొన్న నియమమే గనుక దానిని తేలికగా త్రోసివేయుటకు మాకు మనస్సు రాదు. అయినను ఆ నియమమును అక్షరాలా పాటించినందున మనుష్యులు చనిపోవు సమయము కూడ ఉండునా? ఈ నెల మనము ఆలోచింపదగిన ప్రశ్న ఇది. విమానములలో పనిచేయువారి సంగతి దీనికి మిక్కిలి దగ్గరగా వచ్చుచున్నది.

విమానము గొప్పవారి వాహనమను కాలము గడచిపోయినది. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములలోని మన ఊళ్ల నుండియు బిడ్డలు గల్ఫు దేశములకు కూలిపనికై, ఇతర దేశములకు చదువుకై శంషాబాదులో విమానమెక్కుచున్నారు. కాబట్టి ఇది పరాయివారి ముచ్చట కాదు.

2022వ సంవత్సరము అక్టోబరు 12వ తేది రాత్రి గోవా నుండి హైదరాబాదు వచ్చుచున్న స్పైస్‌జెట్ విమానములో పొగ కనబడెను. అది క్యూ-400 అను రెక్కల పంకాల చిన్న విమానము. అందులో 86 మంది ప్రయాణికులుండిరి. పైలట్లు కూర్చుండు గదిలోను, ప్రయాణికులు కూర్చుండు భాగములోను పొగ వ్యాపించినది. పైలట్లు శంషాబాదు వారికి ఆపద సంగతి తెలిపి, రాత్రి సుమారు 11 గంటల వేళ విమానమును క్షేమముగా దింపిరి. ప్రయాణికులందరు ప్రాణములతో బయటికి వచ్చిరి. దిగునప్పుడు ఒకరికి కాలికి కొద్దిపాటి దెబ్బ తగిలినది. ఆ విమానమునకు దారి విడుచుటకై హైదరాబాదు రావలసిన తొమ్మిది విమానములను వేరే ఊళ్లకు మళ్లించిరి.

తరువాత పరీక్షించి చూడగా ఇంజనుకు సంబంధించిన ఒక వాల్వులో నూనె కనబడెను. ఆ నూనె గాలి చల్లబరచు యంత్రములోనికి పోయి పొగయైనది. ఇది ఎట్లు జరుగునో కొంచెము వివరించెదము. అంత ఎత్తున గాలి మిక్కిలి పలుచన. మనుష్యుడు దానిని పీల్చి బ్రదుకలేడు. అందుచేత ఇంజను బయటి గాలిని లోనికి లాగి గట్టిగా అదిమినప్పుడు, ఆ అదిమిన గాలిలో కొంత భాగమును ప్రక్కకు తీసి, చల్లార్చి, ప్రయాణికులున్న భాగములోనికి పంపుదురు. బోయింగు 787 వంటి కొన్ని క్రొత్త విమానములు తప్ప చాలవాటిలో పద్ధతి ఇదే. ఇంజను లోపల నూనెను ఆపు బిగింపు ఎక్కడైన అరిగినయెడల ఆ నూనె ఆవిరియై, పీల్చు గాలితోనే లోనికి వచ్చును. అప్పుడు వచ్చు వాసనను ఉతకని మేజోళ్ల కంపుతోను, తడిసిన కుక్క వాసనతోను విమాన సిబ్బంది పోల్చుచుందురు. ఆ నూనెలో నరములకు హాని చేయు ట్రైక్రెసిల్ ఫాస్ఫేట్ అను ద్రవ్యము ఉండును. అది పీల్చిన సిబ్బందిలో కొందరికి తలనొప్పి, తల తిరుగుట కలిగిన సంగతులున్నవి. దాని హాని ఎంతకాలముండునను విషయములో వైద్యులలో ఇప్పటికిని వాదము తెగలేదు.

కాబట్టి ఆ రాత్రి పొగ ఉన్నది, నిప్పు లేదు. మన సామెత ఆకాశములో తప్పిపోయినది! అట్లయిన పైలట్లు తొందరపడిరా? ఇంట్లో కూర్చుండి లెక్క వేయువాడు ఇట్లు అనవచ్చును: నిప్పు లేని పొగ కొరకు తొమ్మిది విమానముల ప్రయాణికులు రాత్రివేళ పరాయి ఊళ్లలో దిగవలసివచ్చెను, ఒకరు గాయపడిరి, ఎంతో ధనము వ్యర్థమాయెను. ఈ లెక్క అబద్ధము కాదు. జాగ్రత్తకు వెల లేదనుకొనుట పొరపాటు. ఆ వెలను తరచుగా ఏమియు తెలియని ఇతరులు చెల్లింతురు. అర్ధరాత్రి వేరే ఊరి విమానాశ్రయములో చంటిబిడ్డతో కూర్చున్న తల్లికి హైదరాబాదు మీది ఆకాశములోని పొగ సంగతి ఎవరు చెప్పియుందురు? అయినను ఆ వెల తిరిగి పూడ్చుకొనగలిగినది. రెండవ వైపున నున్న వెల పూడ్చుకొనగలిగినది కాదు. పైలట్ల యెదుట ఆ క్షణమున నున్నది "ఇది నిప్పా, కాదా?" అను ప్రశ్న కాదు. "ఇది నిప్పో కాదో మాకు తెలియదు, తెలిసికొనునంత సేపు ఆకాశములో ఉండవచ్చునా?" అనునదే ప్రశ్న. దానికి వారు ఉండరాదని తీర్పు చేసికొనిరి. ఆ తీర్పు సరియైనదని మేము నమ్ముచున్నాము. తరువాత వాల్వులో నూనె దొరికినందున అది సరియైనది కాలేదు; ఏమియు దొరకకపోయినను అది సరియైనదే.

పొగ కంటికి కనబడినప్పుడు సంగతి కొంత సులువు. పొగ లేక వాసన మాత్రమే వచ్చినప్పుడు మాటాడుట కష్టము. యెహెజ్కేలు గ్రంథములోని కావలివాడు గోడమీద నిలిచి ఖడ్గము వచ్చుట చూచును. చూచినవాడు బాకా ఊదవలెను. అక్కడ సందేహమునకు తావు లేదు. విమానములో వెనుక భాగమున పనిచేయు ఎయిర్ హోస్టెస్ సంగతి తలంచుడి. ఆమెకు ఖడ్గము కనబడదు. ముక్కునకు ఏదో తగిలినది; అంతే. అన్నము వేడిచేయు పొయ్యిలో మాడిన కూర కావచ్చును. ఎవరో పూసికొన్న అత్తరు కావచ్చును. మరుగుదొడ్డి కావచ్చును. నూటికి ఎన్నిసార్లో అది ఏమియు కాదు. ఆమె ఆ చిన్న సంగతిని ఫోనులో కెప్టెనుకు చెప్పవలెను. చెప్పి, తరువాత ఏమియు లేదని తేలినయెడల తోటివారు నవ్వుదురు. "నీ ముక్కు కొంచెము పొడవు" అందురు. ఉద్యోగములో క్రొత్తదైనయెడల ఆ నవ్వు ఆమెకు నిప్పుకంటె ఎక్కువ భయము పుట్టించును. మనుష్య స్వభావము అట్టిది.

ఆమెకు ఇచ్చు తర్ఫీదులో ఈ సంగతికి చక్కని జవాబు కలదు. ఆమె నిప్పును రుజువు చేయనక్కరలేదు. వాసన ఎక్కడ వచ్చుచున్నది, ఎట్టిది, ఎక్కువగుచున్నదా తగ్గుచున్నదా, పొగ యున్నయెడల దాని రంగేమి, ఎంత దట్టముగా నున్నది, గోడ పలకను చేతి వెనుక భాగముతో తాకి చూచినప్పుడు వేడిగా నున్నదా అను సంగతులను ఉన్నవి ఉన్నట్లు కెప్టెనుకు తెలుపవలెను. తీర్పు ఆమెది కాదు, సాక్ష్యము ఆమెది. ఇప్పుడు తొమ్మిదవ ఆజ్ఞను మరల చూతము. "విమానము కాలిపోవుచున్నది" అని ఆమె కేక వేసినయెడల, నిప్పు లేనప్పుడు అది అబద్ధమగును. "ఇక్కడ నాకు కాలిన వాసన వచ్చుచున్నది" అని చెప్పినయెడల, తరువాత నిప్పు లేదని తేలినను ఆమె మాటలో అబద్ధము రవంతయు లేదు. ఆమె తన ముక్కునకు తెలిసినది చెప్పెను. పొరుగువానిపై పుకారు పుట్టించువాడు దీనికి విరుద్ధముగా చేయును: తనకు తెలిసినది తక్కువ, చెప్పునది తీర్పు. అంతే కాదు, వాడు ఆ మాటను విచారింపగలవానికి చెప్పడు. విచారింపలేని పదిమందికి చెప్పును. ఎయిర్ హోస్టెస్ తన అనుమానమును ప్రయాణికుల మధ్య చాటదు, దానిని పరీక్షింపగలవాని చెవిని వేయును. మా మట్టుకు హెచ్చరికకును కొండెమునకును గల భేదమంతయు ఇక్కడనే ఉన్నట్లు తోచుచున్నది.

మౌనము కూడ కొన్నిసార్లు అబద్ధసాక్ష్యమగును. 1983వ సంవత్సరము జూన్ 2వ తేదిని అమెరికాలోని డాలసు నుండి కెనడాకు పోవుచున్న ఎయిర్ కెనడా 797 విమానములో వెనుక మరుగుదొడ్డి నుండి పొగ వచ్చెను. సిబ్బంది చూచిరి, మంట నార్పు డబ్బాను ప్రయోగించిరి. పొగ తగ్గుచున్నదను మాట కెప్టెనుకు అందినది. చెప్పినవారు అబద్ధికులు కారు. పొగ నిజముగనే కొంతసేపు పలుచబడినట్లు కనబడినది. అయితే మంట గోడ వెనుక నుండెను. ఆ మాటల వలన కొన్ని నిమిషములు గడచిపోయెను. పిమ్మట కెప్టెను సిన్సినాటి విమానాశ్రయములో దింపెను; సిబ్బంది ప్రయాణికులను ముందు వరుసలకు జరిపి, ముక్కున పెట్టుకొనుటకు తడి గుడ్డలు పంచిరి. తలుపులు తెరచిన పిమ్మట రెండు నిమిషములైనను గడువక ముందే లోపలి భాగమంతయు భగ్గున మండెను. అందులోని 46 మందిలో 23 మంది చనిపోయిరి. మంట తీవ్రతను తక్కువగా అంచనా వేయుటయు, కెప్టెనుకు అందిన సమాచారము ఒకదానికొకటి పొసగకుండుటయు ఆ ప్రాణనష్టమునకు కారణములలో చేరినవని విచారణ సంఘము వ్రాసెను. నేడు విమానముల మరుగుదొడ్లలో పొగను పసిగట్టు యంత్రమును, చీకటిలో దారి చూపుటకు నేలను అంటియున్న దీపములును ఉండుటకు ఆ 23 మంది మరణమే ప్రధాన కారణము. విమానములో సిగరెట్టు కాల్చిన ఏమగునని అడుగు యౌవనస్థులకు ఈ సంగతి చెప్పదగినది.

త్వరపడినను ఒక్కొక్కప్పుడు చాలదు. ఇది కూడ చెప్పకపోయిన మేము సగము సత్యమే చెప్పినవారమగుదుము. 1998 సెప్టెంబరు 2వ తేది రాత్రి న్యూయార్కు నుండి జెనీవాకు పోవుచున్న స్విస్‌ఎయిర్ 111 విమానములో పైలట్లకు వింత వాసన తగిలెను. అది గాలి చల్లబరచు యంత్రము నుండి వచ్చుచున్నదని వారు మొదట అనుకొనిరి. కొద్ది నిమిషములలో సంగతి గ్రహించి హాలిఫాక్సు వైపు తిరిగిరి. అయినను వాసన తగిలిన సుమారు 20 నిమిషములకు విమానము సముద్రములో కూలెను. 229 మంది చనిపోయిరి. వెంటనే నేరుగా దిగుటకు ప్రయత్నించినను క్షేమముగా చేరియుండలేరని కెనడా దేశపు విచారణ సంఘము నాలుగేండ్లకు పైగా పరిశోధించి తేల్చెను. దోషము వారి ఆలస్యములో కంటె, గోడల మధ్య పరచిన మండు స్వభావము గల పొరలో నుండెను. ఆ పొరను తరువాత విమానములలో మార్పించిరి. ఎక్కడిదో తెలియని వాసన వచ్చినప్పుడు మొదటి నిమిషము నుండియే దిగుటకు సిద్ధపడవలెనను బోధ ఆ పిమ్మట బలపడెను. కాబట్టి చనిపోయిన వారినందరిని చూపి "వారు మేలుకొనలేదు" అని వ్రేలు చూపుట మనకు తగదు. మేలుకొన్నవారును చనిపోవుదురు.

మన ప్రాంతమునకు వత్తము. భూపాలపల్లి కె.టి.కె. గనులలో పనిచేయు సహోదరులకు ఈ పాఠము క్రొత్తది కాదు. బొగ్గునకు తనంతట తానే వేడెక్కి రగులు స్వభావము కలదు. నిప్పు కనబడక ముందే గోడలు చెమర్చును; కిరసనాయిలు వంటి పలుచని వాసన వచ్చును. ఆ వాసన తెలిసిన పాత కార్మికుడు పారను క్రింద పెట్టి సర్దారును పిలుచును. పూర్వము సర్దారులు రక్షక దీపమును పట్టుకొని తిరుగుచు, మంట మీద నీలి టోపీ కనబడినదా అని చూచి మండు వాయువును గుర్తించెడివారు. నేడు దానికి యంత్రములున్నవి. అయితే గనిలో మనుష్యులను చంపు కార్బన్ మోనాక్సైడ్ అను వాయువునకు రంగు లేదు, వాసన లేదు. ముక్కును నమ్మవలెను గాని ముక్కునే నమ్ముకొనరాదు. మరియొక సంగతి: ఎంత చెడు వాసనయైనను కొంతసేపటికి ముక్కు దానికి అలవాటుపడును. తోళ్లు నానబెట్టు వీధిలో కాపురమున్నవానికి తోలు వాసన తెలియదు. చుట్టమై వచ్చినవాడు గుమ్మములోనే ముక్కు మూసికొనును. విమానములోను ఇంతే. అక్కడే ఉన్నవారికి తెలియనిది అప్పుడే ఆ భాగములోనికి వచ్చినవానికి తెలియవచ్చును. "మాకెవరికిని రాని వాసన నీకే వచ్చినదా?" అను ఎగతాళి ఇందుచేత తెలివితక్కువ మాట. సంఘములో క్రొత్తగా చేరినవాడు ఏదైన అన్నప్పుడు కూడ ఈ మాట వినబడుచుండును సుమా.

రైలు సంగతులు రెండు చెప్పెదము. 2008 జూలై 31 రాత్రి సికిందరాబాదు నుండి కాకినాడకు బయలుదేరిన గౌతమి ఎక్స్‌ప్రెస్, అర్ధరాత్రి దాటిన తరువాత, నేటి మహబూబాబాదు జిల్లాలోని కేసముద్రము దగ్గర మంటలలో చిక్కుకొనెను. అందరు నిద్రించు వేళ. 30 మందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. 2023 జూలై 7న హౌరా నుండి వచ్చుచున్న ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో, జనగామకు పొరుగునున్న యాదాద్రి భువనగిరి జిల్లాలో, పగటివేళ పొగ లేచెను. మేలుకొనియున్న ప్రయాణికులు గమనించిరి, గొలుసు లాగిరి, అందరు దిగిరి. తరువాత బోగీలు అనేకము కాలి బూడిదయైనను ఒక్క ప్రాణమైనను పోలేదు. గొలుసు లాగిన జరిమానా పడునని భయపడువారు మనలో అనేకులు. రైల్వే చట్టము 141వ విభాగము శిక్షించునది తగిన కారణము లేకుండ లాగినవానిని. తగిన కారణము కావలెనని చట్టమడుగుచున్నది; నిప్పును రుజువు చేయుమని అడుగుటలేదు.

ఇంతవరకు చెప్పువారిని గూర్చి మాటలాడితిమి. వినువారి సంగతి ఏమి? "నాన్నా పులి" కథ మన పిల్లలందరికి తెలియును. ఆ పిల్లవాడు లేని పులిని ఉన్నదని చెప్పెను, శిక్ష పొందెను అని చెప్పి ఊరకుందుము. ఆ కథలో పెద్దలకును ఒక మాట ఉన్నది, దానిని ఎవరును చెప్పరు. మూడవసారి పులి నిజముగనే వచ్చెను, తండ్రి కదలలేదు. పిల్లవాడు బొంకులాడి గనుక తండ్రికి సాకు దొరికినది. నిజము చెప్పువాని విషయములో ఆ సాకు కూడ లేదు. రెండుసార్లు వాసన వచ్చినదని చెప్పి, రెండుసార్లును ఏమియు దొరకని ఎయిర్ హోస్టెస్‌ను మూడవసారి ఆమె నోరు తెరవకుండ చేయునది ఎవరు? నవ్విన కెప్టెనే.

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయములో ఇట్టి వినికిడి సంగతి యున్నది. క్రేతులోని మంచి రేవులను చోట ఓడ ఆగినప్పుడు, ప్రయాణము సాగించిన హాని కలుగునని పౌలు హెచ్చరించెను. అతడు నావికుడు కాడు, ఖైదీ. శతాధిపతి అతని మాట కాదని ఓడ నడుపువానిని, ఓడ యజమానుని నమ్మెను. శతాధిపతిని నిందించుట మాకు సులభముగా తోచుటలేదు. పని తెలిసినవాని మాట వినుట తెలివిగలవారి వాడుక. అయితే పౌలు అంతకు ముందే మూడుసార్లు ఓడ బద్దలై బ్రదికినవాడని కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రికలో చూచుచున్నాము. ఖైదీయని తలంచిరి గాని, సముద్రము ఎరిగినవాడా అని ఎవరును అడుగలేదు. పిమ్మట దక్షిణపు గాలి మెల్లగా వీచెను. అంతా మేలే జరిగినట్లు తోచెను. వాసన తగ్గినట్లు తోచిన ఆ కొద్ది నిమిషములు ఆ దక్షిణపు గాలి వంటివే. తుఫాను తరువాత వచ్చినది.

పైలట్లను గూర్చి కొందరికి కలుగు ఒక సందేహమును తీర్చెదము. పొగ లేక హానికరమైన వాసన అని తెలిసిన వెంటనే పైలట్లు మొదట చేయు పని తమ ఆక్సిజన్ మాస్కులు తాము ధరించుట. కారణము వెదకుట తరువాత, పుస్తకము తెరచుట తరువాత. వెనుక ఇంతమంది దగ్గుచుండగా తమ ముక్కులను ముందు కాపాడుకొనుట స్వార్థము కాదా అని అడుగుదురు. రేపల్లా నిద్రపోయి, మేలుకొన్న బండివాడు ఎద్దులను తోలునట్లు విమానమును తోలలేరు. పైలటు సొమ్మసిల్లినయెడల రెండవ అవకాశము లేదు. వారు పీల్చు ఆ గాలి వెనుకనున్న వారందరిది. పౌలున్న ఓడలోని నావికులు పడవ దింపుకొని రహస్యముగా పారిపోజూచినప్పుడు పౌలు శతాధిపతికి తెలిపెను. ఈసారి అతని మాట వినిరి, త్రాళ్లు కోసి పడవను విడిచిరి. ఓడ నడుపువారు ఓడలోనే ఉండవలెను, మెలకువగా ఉండవలెను. ఆ ఓడలో 276 మంది యుండిరి.

మన బిడ్డలు ప్రయాణమగునప్పుడు ఊరగాయ జాడీని గూర్చి, పాస్‌పోర్టును గూర్చి పదిసార్లు చెప్పుదుము. దీనిని కూడ ఒకసారి చెప్పుడి. కాలిన వాసనయో, ఘాటైన వాసనయో వచ్చినయెడల ప్రక్కవానితో గుసగుసలాడక, సీటు పైనున్న గంట మీట నొక్కవలెను. రమ్మన్నవారు వచ్చువరకు లేచి పరుగెత్తరాదు. దిగుమన్నప్పుడు సంచులను వెదకక వట్టి చేతులతో దిగవలెను. పొగ యున్నయెడల గుడ్డ తడిపి ముక్కున పెట్టుకొని, తల వంచి, నేల మీది దీపములను బట్టి నడువవలెను. ఇంగ్లీషు రాదు, హిందీ రాదు, ఏమని చెప్పుదునని బిడ్డ అడుగును. ముక్కును చూపి, వాసన వచ్చుచున్న చోటును చూపిన చాలును; వారికి తెలియును.